యాడికిలో ఇంగ్లండు కారు సీటు

"మూటలో ఏముండాదమ్మా?" టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు నా కాళ్ల దగ్గర ఆగాడు.

"చేతి కుట్టుమిషనన్నా."

"ఆడోళ్లకు బస్సు ఫ్రీ, నీకు సున్నా టికెట్టు. దీనికి ఆధార్ కార్డుండాదా?" అని నవ్వుతూనే లగేజీకి టికెట్టు కొట్టాడు.

రాయదుర్గంలో ఐదున్నరకు ఎక్కాను. అక్కడ జీన్స్ యూనిట్లో మూడేళ్లుగా ప్యాంటు కాళ్లే కుడుతున్నాను. తాడిపత్రి అవతల యాడికి అనే ఊర్లో ఒక పెద్ద రైతు ఇంట్లో అరవైల మొదట్లో వచ్చిన ఇంగ్లండు కారు ఉందని, దాని తోలు సీట్ల కుట్లు ఊడిపోతే పీకేసి రెగ్జిన్ వేయిస్తున్నారని మా పిన్ని ఫోన్లో చెప్పింది. ఆ పని నాకే కావాలనిపించింది.

ఎనిమిదిన్నరకు అనంతపురం. ఉగ్గాని, బజ్జీ తిని తాడిపత్రి బస్సెక్కాను. పక్కసీటు అవ్వ మూట తట్టి చూసింది.

"యాడికి పోతాండావు పాపా?"

"యాడికికే అవ్వా. పని అడిగేదానికి."

"అడిగితే ఎవరిస్తారు? చేసి చూపించు."

తాడిపత్రిలో ఇంకో బస్సు మారి, యాడికి చేరేసరికి పన్నెండు. మీరు పోతే తాడిపత్రిలోనే భోంచేయండి. నేను చేయక సాయంత్రం దాకా పస్తున్నాను.

కారు షెడ్డులో వేరుశనగ బస్తాల పక్కన ఉంది. నల్లగా, పొడుగ్గా. లోపలంతా నున్నటి చెక్క. ముందు సీట్ల వీపుకు మడిచే చిన్న బల్లలు కూడా ఉన్నాయి.

"మా నాయన కొన్నాడు. ఈ జిల్లాలో ఇట్లాంటిది ఇంకోటి లేదు" అన్నాడు ఇంటి పెద్దాయన. "రెగ్జిన్ వేసే ఆయప్ప రేపొస్తాడు. నువ్వేం చేస్తావు?"

"ఒక్క కుట్టు ఏసి చూపిస్తా సార్."

ముందు సీటు తోలు విప్పి మిషన్లో పెట్టాను. నాలుగు కుట్లకే వేలెడంత చిరిగింది.

"ఇంక చాల్లేమ్మా."

నేను లేవలేదు. చిరిగినచోట వేలుపెట్టి చూశాను. పాత కుట్టు రంధ్రాలు అలాగే ఉన్నాయి, నా సూది వాటి మధ్యన కొత్తవి పొడిచింది. తోలు తెగింది అందుకే. మిషన్ పక్కన పెట్టేశాను. చిరుగు కింద గుడ్డ అతికించి, చేతిసూదితో ఒక్కో పాత రంధ్రమే వెతుక్కుంటూ కుట్టాను. జానెడుకు రెండు గంటలు పట్టింది.

పెద్దాయన దానిమీద కూర్చున్నాడు. లేచి, మళ్లీ బరువుగా కూర్చున్నాడు.

"నిల్చింది. కానీ వంకర పోయిందే."

"పోయింది సార్. చేత్తో తోలు కుట్టడం ఇదే మొదలు."

కుట్టును వేలితో తడిమాడు. "వెనక సీటు నీకిస్తా. ఆయప్పను పది దినాలు ఆగమంటా. అదీ వంకర పోతే రెగ్జినే."

నాలుగున్నరకు తిరుగు బస్సు. దారి పొడుగునా ఎండిన చేలు. నాకు వచ్చిందల్లా తొందరగా కుట్టడమేనని, ఆ సీటు కుట్టినవాళ్లకు తొందర లేదని అనుకుంటూ వచ్చాను.

మరుసటి ఉదయం యూనిట్‌కు పోయేముందు, బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన పక్కన కింద కూర్చున్నాను. "రెండు సూదులతో వంకర పోకుండా ఎట్ల కుడతారో నేర్పించన్నా" అని, నా చెప్పు విప్పి ఆయన చేతికిచ్చాను.