మెట్ల మీద నలుగురు నలుగురుగా

బర్మాలో, రేవు పక్క లమ్మడా పేటలో మేమున్న మేడకి ఐదంతస్తులు, ఒకటే ఇరుకు మెట్లదారి. రెండో అంతస్తులో మేము: మా అమ్మ, నేను, నా కూతురు. కింద వీధి గుమ్మం పక్క గదిలో కరెన్ అనే కొండజాతి ఆవిడ ఒకామె ఉండేది. భర్త పోయాక నడుముకి పట్టీ కట్టుకుని నేలమీద కూర్చుని, చిన్న మగ్గం మీద తమ వాళ్ళు కట్టుకునే ఎర్ర చొక్కాలు, లుంగీలు నేసి అమ్మేది. నాలుగో అంతస్తులో రిటైరైన టీచరమ్మ ఉండేది. బర్మా జాతి ఆవిడ. వీధంతా ఆమెను సయామా అనే పిలిచేది. బర్మాలో టీచరమ్మని అలాగే పిలుస్తారు.

ఒక ఏడు కరెన్ల కొత్త సంవత్సరానికి కింది ఆవిడ తన చర్చి పిల్లల్ని పిలిచి వీధిలో డోన్ ఆడించబోయింది. వరుసలు కట్టి, అందరూ ఒకే అడుగు మీద ఆడే ఆట అది. గేదె కొమ్ము బూర ఊదారో లేదో, సయామా వార్డు ఆఫీసుకి కబురు పెట్టి ఆపించేసింది.

"మీ కొండల గోల కొండల్లోనే పెట్టుకోండి" అంది అందరి ముందూ.

"మా కొండల్లో ఊరు లేదు సయామా. నా చిన్నప్పుడే సైన్యం తగలబెట్టింది" అంది కింది ఆవిడ.

"అలాంటిది జరిగితే పత్రికల్లో రాయరా?" అని సయామా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మమ్మల్నీ వదల్లేదు. మా అమ్మ ఎదురుపడితే 'కలా' అనేది. ఇండియా మొహాలున్న అందరికీ అక్కడ తగిలించే మాట అది. మా ముత్తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చి ఈ రేవులోనే మూటలు మోశాడు. అమ్మ ఈ మేడలోనే పుట్టింది. అయినా ఆ మాట మాత్రం పోలేదు.

తర్వాత సైన్యం దేశాన్ని చేతుల్లోకి తీసుకుంది. జనం వీధుల్లోకి వచ్చారు, కాల్పులు మొదలయ్యాయి. ఇంటర్నెట్ ఆగిపోయింది. మా వీధికి రెండు కొసలా ఇసుక మూటలు పేర్చారు. బయటివాళ్ళు లోపలికి రారు, మేం బయటికి పోలేం. ఐదుగురు ఒకచోట చేరకూడదని ఆర్డరు.

ఒక మధ్యాహ్నం మా వీధి చివర ఒక నర్సుని సిపాయిలు తుపాకి మడమలతో కొట్టి ట్రక్కులోకి ఈడ్చుకుపోయారు. సయామా దగ్గర చదువుకున్న పిల్లే. సయామా బాల్కనీలోంచి అంతా చూసింది. ఆ సాయంత్రం టీవీలో లమ్మడా ప్రశాంతంగా ఉందని చెప్పారు.

మర్నాడు నేను చిరిగిన సంచీ కుట్టించుకుందామని కింది గదిలో ఉన్నాను. సయామా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచి ఉంది.

"మీ ఊరి గురించి నువ్వు చెప్పింది నేను నమ్మలేదు. నిన్న చూశాను. టీవీలో ఒక్క ముక్క లేదు. నన్ను క్షమించు."

కింది ఆవిడ నేత ఆపలేదు. "ఆ మాట వీధిలో అన్నావు. ఇది నా చెవిలో చెప్తున్నావు."

సయామా గుమ్మం దిగి నడివీధిలోకి వెళ్ళి, క్లాసులో పాఠం చెప్పే గొంతుతో మొత్తం మళ్ళీ చెప్పింది. బాల్కనీల్లో జనం వంగి చూశారు. చివర్లో మా అంతస్తు వైపు తల ఎత్తి, "కలా అన్నందుకు కూడా" అంది.

"ఇప్పుడు ఆడదాం" అంది కింది ఆవిడ.

పండగ ఎప్పుడో దాటిపోయిందన్నారు ఎవరో. "ఆ రోజు ఆపారు కదా, ఆ ఆట ఇంకా మిగిలే ఉంది" అంది ఆవిడ. ఐదుగురు చేరకూడదంటే, మెట్లు తిరిగే ప్రతి మలుపులో నలుగురు ఉంటే సరి అని తేల్చింది. ఆదివారం పొద్దున్నే మేడలో అందరం ఎర్ర చొక్కాలు వేసుకున్నాం. చొక్కా దొరకనివాళ్ళు ఎర్ర తువ్వాళ్ళు కప్పుకున్నారు.

మా అమ్మ మాత్రం మొరాయించింది. "నా మోకాళ్ళతో నానేటి ఆడతానే?"

ఆ తెలుగు మాట నేను బర్మా భాషలో చెప్పాను. "అయితే మీ భాషలో పాడు" అంది కింది ఆవిడ.

"మన పాటా? ఈల్లకేటి అర్దమవుద్ది?"

"అర్థం కాకపోతే అడుగుతాం" అంది ఆవిడ, అదీ నేను చెప్పాక.

రేవులో మూటలు లాగేటప్పుడు మా తాతలు పాడిన పాట ఎత్తుకుంది అమ్మ. డోన్ అడుగుకి అది కుదరలేదు మొదట. రెండో విడత అడుగే పాటకి సర్దుకుంది. కింద బూర, మధ్యలో అమ్మ గొంతు, ఐదంతస్తుల అడుగుల చప్పుడు. ఇన్ని నెలల భయం తర్వాత నా ఒంట్లోకి రక్తం తిరిగొచ్చినట్టయింది.

సిపాయిలు వచ్చారు. ఆఫీసరు మెట్లెక్కుతూ ప్రతి మలుపులో ఆగి మమ్మల్ని లెక్కపెట్టాడు. నలుగురు. నలుగురు. మళ్ళీ నలుగురు.

"ఎవరు పెట్టించారిది?" అని అరిచాడు.

కింది ఆవిడ నోరు తెరిచేలోపే సయామా పైనుంచి దిగింది. "నేను. ఇది మా మేడ కరెన్ ఆట."

"నువ్వు కరెన్‌వా?"

"కాదు. నేర్చుకుంటున్నాను. నాకింకా అడుగు సరిగా పడటం లేదు. చూడ్డానికి వచ్చుంటే గోడవారగా నిలబడు."

అమ్మ పాట ఆపలేదు. నేను చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకుంది.

"ఆ కలా ముసలిదాన్ని నోరు ముయ్యమనండి" అన్నాడు ఆఫీసరు.

"ఆ మాట ఈ మేడలో అనం" అంది సయామా.

వాళ్ళు బూరని బూటుకాలితో తొక్కి పగలగొట్టారు. సయామాని ట్రక్కెక్కించారు. ట్రక్కు వీధి మలుపు తిరిగేదాకా కింది ఆవిడ చప్పట్లతో అడుగు కొడుతూనే ఉంది, మేం ఆడుతూనే ఉన్నాం. సాయంత్రం సయామా నడిచే వచ్చింది. పెదవి చిట్లి ఉంది. కింది ఆవిడ వేడినీళ్ళు పెట్టి మొహం తుడిచింది, అన్నం పెట్టింది.

క్షమించానని మాత్రం అనలేదు. ఒకసారి నేను అడిగేశాను. "ఊరు కాలిపోయింది కదమ్మా. ముందు దాని పేరు సరిగ్గా పలకడం నేర్చుకోనీ" అంది. రోజూ పొద్దున సయామా దిగివచ్చి మగ్గం పక్కన కూర్చుని కరెన్ మాటలు నేర్చుకునేది. తప్పు పలికితే ఆవిడ మళ్ళీ పలికించేది. సయామా తన విద్యార్థుల్ని అలా పలికించిన మనిషే కదా, కిక్కురుమనేది కాదు.

ఐదుగురు చేరకూడదన్న ఆర్డరు అలాగే ఉండగానే కరెన్ల కొత్త సంవత్సరం వచ్చింది. ఈసారి సరైన రోజునే ఆడాం. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. అమ్మ దాన్ని పక్కన నిలబెట్టుకుని రేవు పాట ఎత్తించి, "సిగ్గేటే, గట్టిగా అను" అని గదమాయించింది. వీధి కొసన కాపలా సిపాయి తలెత్తి చూశాడు. మా అమ్మాయి ఇంకా గట్టిగా పాడింది.