అత్త పెట్టిన కృతజ్ఞత కూడిక

పోయిన ఆదివారం కంచరపాలెంలోని మా చర్చిలో పాస్టరుగారు నిజమైన సంతోషం గురించి గంటసేపు ప్రసంగించి, "మీలో నిజంగా సంతోషంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి" అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. నాకు మా మేనత్త గుర్తొచ్చింది.

అత్త హార్బరు నుంచి చేపలు తెచ్చి మా వీధుల్లో అమ్మేది. ఆమె కేక నాలుగు సందుల అవతలికి వినిపించేది. వారమంతా చేపలకు వాడిన ఆ గొంతుతోనే ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది. మామయ్య పోయాక ఆమెకున్న ఆస్తి అదొక్కటే. అలాంటి గొంతులో గడ్డ లేచిందన్నారు. పరీక్షలు చేయించి రిపోర్టు కోసం చూస్తుండగా, ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడుతున్నానని కబురు పంపింది. మావాళ్లలో ఉద్యోగమొచ్చినా, రోగం నయమైనా దేవుడికి థ్యాంక్స్ చెప్పుకోవడానికి పెట్టే ప్రార్థన అది. ఏమీ లేదని తేలిందనుకుని, పూర్ణా మార్కెట్లో కిలో లడ్డూలు కొని ఎగురుకుంటూ వెళ్లాను.

పాటలయ్యాక అత్త లేచి నిలబడింది. "రిపోర్టొచ్చీసింది. మంగళోరం ఆపరేసనంట. గొంతుక తీసెత్తారంట. ఇంక నాను మాటాడనేను. ఇన్నాళ్లూ వాడుకున్నాను కదా, తాంక్స్ సెప్పకుంటే బాగోదని పిలిసేను."

నేను నిర్ఘాంతపోయాను. లడ్డూల ప్యాకెట్టు ఒళ్లో అలాగే ఉండిపోయింది. చాపల మీద కూర్చున్నవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు తేరుకున్నదాన్ని నేనే, అదీ కోపంతో. "మతి పోనాదేటి అత్తా? కట్టమొత్తే కృతజ్ఞత కూడికేటి?" అని అందరి ముందూ అరిచాను.

"కట్టానిక్కాదే, గొంతుకిచ్చినందుకు," అంది. "ఏడుపొత్తంది. రాలేదంటే అబద్ధం. గొంతుక పోతే దేవుడు కూడా పోతాడేటి? ఆయన నా కాడే ఉంటాడు. నాకదే సంతోసం. ముందు ఆ లడ్డూలు పంచు." కళ్లనీళ్లు కారుతుండగానే నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. పంచాను గానీ, నేనొక్కటీ తినలేదు.

ఆపరేషనయ్యాక మొదటిసారి చర్చికి వచ్చిన రోజు అత్త మెడకు గుడ్డ చుట్టుకుని తన చోటే కూర్చుంది. పాట వేళకు అందరూ అలవాటుగా ఆమె వైపు చూసి, చూసినందుకు సిగ్గుపడి తలలు దించుకున్నారు. ఎవరూ ఎత్తుకోలేదు. అత్త పక్కనున్న నా డొక్కలో మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. నేను పాడితే పిల్లలు జడుసుకుంటారు. అయినా ఎత్తుకున్నాను. శ్రుతి ఎటో పోయింది. అత్త చప్పుడు లేకుండా, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. అన్నీ పోగొట్టుకున్న మనిషి ముఖంలో అంత సంతోషమేమిటో అర్థంగాక నేను బిత్తరపోయి చూస్తూ పాడాను.

అత్త పోయి చాలా ఏళ్లయింది. మొన్న పాస్టరుగారు అడిగినప్పుడు నా చెయ్యీ లేవలేదు. ప్రసంగం తర్వాత పాట మాత్రం నేనే ఎత్తుకున్నాను. ఇన్నేళ్లయినా, పల్లవి అందుకునే ముందు నా డొక్కలో ఆ పోటు తెలుస్తూనే ఉంటుంది.