రెండు రెక్కల చెక్క గేటు

మొన్న కాకినాడలో తెలిసినవాళ్ల కొత్త ఇంటికి వెళ్లాం. వాళ్లు లోపలికి రమ్మంటుంటే నేను చెక్క గేటు దగ్గరే ఆగి, వెనక ఏటవాలుగా కొట్టిన బద్దలు ఎటు వాలాయో చూస్తున్నాను. సంగతి తెలిసిన మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తొంభైల చివర్లో రావులపాలెంలో ఉండేవాళ్లం. వంగ మొక్కల్ని మేకలు మేసేస్తుంటే గేటు నేనే చేస్తానన్నాను. అప్పటిదాకా ఆఫీసు ఫైళ్లు తప్ప మరేమీ పట్టని చేతులవి. మామిడి చెక్కలు చిత్రిక పట్టి, నిలువుగా పేర్చి, వెనక రెండు అడ్డబద్దలు, వాటి మధ్య మూల నుంచి మూలకి ఒక ఏటవాలు బద్ద కొట్టాను. మొదటి రెక్క ఎంత ముచ్చటగా వచ్చిందంటే, రెండోదాన్ని దాని మీదే పరిచి అచ్చు అలాగే చేశాను. రంపపు పొట్టు వాసన, వేళ్ల మీద సుత్తి దెబ్బలు, టీ మీద టీ. ఆ వారమంతా నాకు పండగే. ముప్పై ఏళ్లు తాపీ పని చేసిన మా మామగారు గుంజలు పాతారు. పది రోజులు తిరిగేసరికి ఎడమ రెక్క నిటారుగానే ఉంది గానీ కుడి రెక్క వాలిపోయి నేలని గీకుతోంది.

"మావయ్యగారూ, గుంజ ఒరిగినట్టుందండి," అన్నాను, గుంజ వైపు చూడకుండానే.

ఆయన వెంటనే తవ్వి, దారానికి గుండు వేలాడదీసి నిలువు చూసుకుని మళ్లీ పాతారు. రెక్క మళ్లీ వాలింది. మళ్లీ గుంజదే తప్పన్నాను. ఈలోగా కలప అడితిలో అమ్మకానికి పెట్టిన గేటొకటి కనబడింది. దాని ఏటవాలు బద్దలు రెండూ గుంజకి బిగించే బందుల వైపు కింది మూలల్లోంచి లేచి, ఒకదానికొకటి ఎదురొస్తున్నాయి. నావి రెండూ ఒకే వైపు వాలి ఉన్నాయి, అందుకే కుడి రెక్క బరువుకి ఆసరా లేకుండా పోయింది. తప్పెవరిదో అక్కడే తెలిసిపోయింది. తీరా ఇంటికొస్తే ఆయన మూడోసారి తవ్వుతున్నారు. పక్కనుంచి లోపలికి వెళ్లిపోయాను. నాలుగు రోజులు అలాగే ఊరుకున్నాను.

ఆదివారం చర్చి పెద్ద వచ్చి, ప్రహరీ పని ఒప్పుకోమని మామగారిని అడిగారు.

"వద్దండి. నా చూపు తప్పింది. గుంజే నిలబెట్టలేనోణ్ణి, గోడేం కడతానండి? ఇంక తాపీ పక్కన పెట్టేస్తానండి," అన్నారాయన, తన అరచేతులు చూసుకుంటూ.

ఇక ఉండబట్టలేకపోయాను. "గుంజ మొదట్నించీ తిన్నగానే ఉందండి మావయ్యగారూ. బద్దలు ఎదురెదురుగా కొట్టాల్సింది, రెండు రెక్కలూ ఒకేలా చేసేశాను. నాలుగు రోజుల్నించీ నాకు తెలుసండి."

"అంటే రెండూ ఎడమకాలి చెప్పులే కుట్టారన్నమాట!" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

మామగారు నన్ను చూశారు, గేటుని చూశారు, పగలబడి నవ్వారు. "మూడుసార్లు తవ్వించారు కదండీ అల్లుడుగారూ! ఇంకో రెండుసార్లు తవ్వితే నీళ్లు పడేవి!" అని, కళ్లు తుడుచుకుంటూ పెద్దాయన వైపు తిరిగారు. "రేపే పునాది తీయించండి. వస్తున్నాను."

ఆ సాయంత్రమే కుడి రెక్కని వెనక్కి తిప్పి బిగించాం. బద్ద సరైన వైపుకి వచ్చింది. అయితే ఒక రెక్క వీధికి మొహం, ఇంకోటి వీపు చూపించేది. వచ్చినవాళ్లందరికీ మామగారు "మా అల్లుడుగారి పనితనమండి" అని చూపించేవారు.

ఆయన ఆ తర్వాత మరో పదకొండేళ్లు తాపీ పట్టారు. నేను ఇంకొక్క పూట నోరు మూసుకుని ఉంటే ఆ ఏళ్లన్నీ ఆయన వాకిట్లో అరచేతులు చూసుకుంటూ గడిపేవారేమో అనిపించినప్పుడు, ఒక్క పూట ఎంత పెద్దదో తెలుస్తుంది.