పెదనాయన రెండో శనివారాలు

ప్రతి నెలా మూడో ఆదివారం పొద్దున, టిఫిన్ ప్లేట్లు తీయకముందే మా పెదనాయన రఘునాథ్ బల్ల మీద కాగితాలు పరుస్తారు. హోసూరులోని ఇంజనీర్ల సంఘానికి ఆయన కార్యదర్శి. రాబోయే మూడు నెలల్లో ఏ తేదీన ఏ ఉపన్యాసం, ఎవరు మాట్లాడతారు, ఎన్ని గంటలకు రావాలి అన్నదంతా ఒక్క పేజీలో రాసి సభ్యులకు పంపాలి. ఒకప్పుడు ఆ పేజీని జిరాక్స్ తీయించి, స్కూటరు మీద ఫ్యాక్టరీల గేట్లన్నీ తిరిగి సెక్యూరిటీ వాళ్ల చేతికి ఇచ్చి వచ్చేవారు. ఇప్పుడు వాట్సాప్‌లో పోతుంది. పంపేముందు ఇంగ్లీషు తప్పులు చూడమని నాకు ఇస్తారు. తప్పులు ఎప్పుడో గాని దొరకవు.

సమావేశం ఎప్పుడూ రెండో శనివారం సాయంత్రం ఐదున్నరకే. మూడు గంటలకు మొదటి షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి పోయి, స్నానం చేసి, కాఫీ తాగి రావడానికి అది సరిపోతుంది. రెండో షిఫ్టు వాళ్లకు మాత్రం ఎప్పటికీ కుదరదు. పంతొమ్మిదేళ్లలో పేజీలో వేసిన కార్యక్రమం ఒక్కటి కూడా తప్పలేదని పెదనాయనకు గొప్ప. ఒకసారి కృష్ణగిరి నుంచి రావలసిన వక్తకు జ్వరం వస్తే, మధ్యాహ్నం బస్సెక్కి కృష్ణగిరికే పోయి, ఆ వక్త వీధిలోనే ఉన్న రిటైర్డు కరెంటు ఇంజనీరును బతిమాలి వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ల గురించి మాట్లాడాడు.

ఉపన్యాసానికి నలభై నిమిషాలు. ముప్పై ఎనిమిదో నిమిషంలో ఒకసారి గంట కొడతారు, నలభైకి రెండుసార్లు. ఆ కంచు గంటను పెదనాయన ఇంట్లో పూజగూటి నుంచే తీసుకుపోయారు.

"దేవునికి గంట లేదు గాని ఇంజనీర్లకుండాది" అని పెద్దమ్మ జయలక్ష్మమ్మ ఇప్పటికీ అంటుంది.

ఇంత మందిని పిలిచి మాట్లాడించిన మనిషి తాను మాత్రం ఒక్కసారీ మాట్లాడలేదు. మాట్లాడకూడదు. ఆ రూలు రాసింది ఆయనే. పదహారేళ్ల క్రితం అప్పటి అధ్యక్షుడు తన జర్మనీ ప్రయాణం ఫోటోలను ఒకే ఏడాదిలో మూడుసార్లు చూపించాడట. మూడోసారి జనం సగంలోనే లేచిపోయారు. అప్పుడు పెదనాయన ఒక నియమం రాసి సర్వసభ్య సమావేశంలో పెట్టారు: కార్యవర్గంలో ఉన్నవాళ్లు ఉపన్యాసం ఇవ్వరాదు. అందరూ మెచ్చుకున్నారు. నాలుగేళ్ల క్రితం ఇప్పటి అధ్యక్షుడు, పోత ఇనుము ఫౌండ్రీ యజమాని వెంకటరామప్ప, అచ్చుల ఇసుక గురించి మాట్లాడతానంటే పెదనాయన రూల్సు పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించారు. వెంకటరామప్ప నవ్వేసి ఊరుకున్నాడు. మరచిపోలేదని తర్వాత తెలిసింది.

పెదనాయన ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో కొలతల గదిలో పనిచేస్తారు. యంత్రం మీద తయారైన ముక్కలు ఆ గదికి వస్తాయి. అక్కడ ఏసీ ఎప్పుడూ ఇరవై డిగ్రీలకే ఉంటుంది. ముక్క కొలత సరిగ్గా ఉంటే పచ్చ చీటీ, లేకుంటే ఎర్ర చీటీ. చీటీ మీద సంతకం ఆయనది. వేడిగా ఉన్న ఉక్కు కొంచెం సాగుతుంది కాబట్టి, ముక్కను రెండు మూడు గంటలు ఆ గదిలోనే చల్లారనిచ్చి కొలవాలి. ఇది అక్కడ అందరికీ తెలిసిన సంగతే.

పన్నెండేళ్ల క్రితం ఏప్రిల్‌లో ఒక వారం పాటు లారీ గేటు దగ్గరే నిలబడి, కొలవండి కొలవండి అని పైనుంచి ఫోన్లు. రెండో షిఫ్టులో తిమ్మయ్య అనే ఆపరేటరు ఎండ మధ్యాహ్నం తీసిన ముక్కలను చేయి కాలుతుండగానే పెదనాయన కొలిచేశారు. వెంట్రుకలో నాలుగో వంతు ఎక్కువ వచ్చింది. నాలుగు రోజులు వరుసగా ఎర్ర చీటీలే. తిమ్మయ్య చేతి పనితనం చెడిందన్నారు. మెమో ఇచ్చి, యంత్రం మీదనుంచి తీసి, లోడింగులో పెట్టారు. అయిదో రోజు పొద్దున పెదనాయన స్క్రాపు తొట్టిలోంచి ఆరు ముక్కలు ఏరి, చల్లగా ఉన్నప్పుడు మళ్లీ కొలిచారు. ఆరూ సరిగ్గానే ఉన్నాయి. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. సంతకం తనది, లారీ పోయింది, మెమో ఇచ్చేశారు. తిమ్మయ్య నాలుగేళ్లు మూటలు మోసి, పని మానేసి, వేప్పనపల్లి దగ్గర తన ఊరికి పోయి మామిడితోట చూసుకుంటున్నాడు.

ఆ అయిదో రోజు నుంచే పెదనాయన ఒక నోటుబుక్కు పెట్టారు. ఒకే ఉక్కు కడ్డీ, ఏసీ గది బయట, రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవడం. పన్నెండేళ్లలో తొమ్మిది నోటుబుక్కులయ్యాయి. అవన్నీ కలిపి ఒక వ్యాసం రాశారు. 'పొద్దుటి కొలత, మధ్యాహ్నపు కొలత' అని దానికి పేరు. చివరి పేజీ తిమ్మయ్యది. ఆ ఏప్రిల్లో ఏం జరిగిందో, సంతకం ఎవరిదో అందులో ఉంది. అదే ఫ్యాక్టరీ మేనేజర్లు, ఇంజనీర్లు కూర్చునే హాల్లో ఆ పేజీ చదవాలని ఆయన కోరిక. వచ్చే సెప్టెంబరుతో ఆయన ఉద్యోగం అయిపోతుంది.

"ఆ మాట వాని ఇంటికి పోయి చెప్పొచ్చు కదా" అంది పెద్దమ్మ.

"చీటీ నలుగురి ముందర రాసినాను. మాట గూడా నలుగురి ముందరే చెప్పాల" అన్నారు పెదనాయన.

మాట్లాడాలంటే ముందు కార్యదర్శి పదవి వదలాలి. ఏటా ఏప్రిల్లో ఎన్నిక ఉంటుంది. ఏటా ఆయన వదులుతానంటారు, ఏటా ఎవరూ చేయెత్తరు. ఈసారి జాగ్రత్తపడి, గోకుల్ అనే కుర్ర ఇంజనీరును ఫిబ్రవరిలోనే ఇంటికి పిలిచారు. గోకుల్ రెండు దోసెలు తిని, "సరే సార్, నేను చేస్తాను. మీరు ఎన్ని రోజులని మోస్తారు" అన్నాడు. పెదనాయన సంతోషం పట్టలేక మార్చి పేజీలో వేసేశారు. ఏప్రిల్: సర్వసభ్య సమావేశం. మే: పొద్దుటి కొలత, మధ్యాహ్నపు కొలత, వక్త రఘునాథ్. ఆ పేజీ నేనే చూశాను. తప్పులేమీ కనిపించలేదు. ఆ రోజే ఆయన తిమ్మయ్యకు ఫోన్ చేశారు.

"మే నెలలో నేను మాట్లాడతా ఉండాను. నువ్వు రావాల తిమ్మయ్యా."

"నేనెందుకు సార్? అది కాయ కోసే టైము. నాకేం అర్థమైతాది ఆడ?"

"అర్థమైతాది. రా."

ఏప్రిల్ సమావేశానికి పెద్దమ్మతో పాటు నేనూ పోయి చివరి వరుసలో కూర్చున్నాను. లెక్కలు, నివేదికలు అయ్యాక వెంకటరామప్ప లేచి, "ఇంగ కార్యదర్శి. ఎవరన్నా ఉండారా?" అన్నాడు. పెదనాయన గోకుల్ వైపు చూశారు. గోకుల్ లేచాడు గాని చేయెత్తలేదు.

"సార్, పోయిన వారమే నన్ను బొమ్మసంద్ర ప్లాంటుకు మార్చినారు. ఏడున్నరకు ముందర హోసూరు చేరలేను. మీకు చెప్పాలని రెండుసార్లు ఫోన్ తీసినాను సార్..."

"తీసి?" అన్నారు పెదనాయన.

"చెప్పలేకపోయినాను."

హాలంతా నవ్వింది. గోకుల్ నవ్వలేదు. "ఎవురు రావాలప్పా ఇంగ?" అని వెంకటరామప్ప చుట్టూ చూశాడు. కన్నడ ఇంజనీర్లు, తమిళ ఇంజనీర్లు, మనవాళ్లు, అందరూ ఒకేసారి టీ కప్పుల్లోకి చూసుకున్నారు. పెదనాయన నోరు తెరిచేలోపే వెంకటరామప్ప కవరులోంచి శాలువా తీశాడు. శాలువా ముందే కొనిపెట్టి ఉంది, ప్రతి ఏడులాగే. ఒకసారి కప్పితే తీయడం మర్యాద కాదు. చప్పట్లు మోగాయి. పెదనాయన భుజాల మీద ఇరవయ్యో శాలువా పడింది.

"మన ఇంట్లో బీరువా శాలువాలకే సరిపోయింది" అని పెద్దమ్మ నా చెవిలో గొణిగింది. ఆమె గొంతులో నవ్వు లేదు.

అందరూ మెట్లు దిగుతుంటే పెదనాయన వెంకటరామప్ప పక్కకు చేరారు.

"సార్, మే నెల నా పేరు పేజీలో పడింది."

"చూసినాను. ఆ రూలు ఎవురప్పా రాసింది?"

"నేనే."

"మార్చుకుందాం. సర్వసభ్య సమావేశం పిలవాల. దానికి ఎన్ని రోజుల నోటీసు?"

"ఇరవై ఒక్క రోజు. నోటీసు కార్యవర్గం మీటింగులో ఒప్పుకోవాల. మే నెలకు అయ్యే పని కాదు."

"అయితే నాకు లేని సడలింపు నీకెట్లప్పా ఇచ్చేది? ఇసుక మీద నేను మాట్లాడతానంటే పుస్తకం తెరిచినావు. తెరిచినావా లేదా?"

"తెరిచినాను."

"ఊ" అని వెంకటరామప్ప కారెక్కాడు. అన్నదాంట్లో అన్యాయం లేదు. అదే పెదనాయనను ఎక్కువ బాధించింది.

కార్యక్రమం తీసేద్దామంటే పంతొమ్మిదేళ్ల గొప్ప అడ్డం. వాయిదా వేద్దామంటే తిమ్మయ్య కోతలు ఆపుకుని వస్తానన్నాడు. వారం రోజులు ఆయన రాత్రిపూట రూల్సు పుస్తకం తిరగేశారు. ఎనిమిదో రోజు గోకుల్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సార్, ఆ శనివారం లీవు పెట్టినాను. మీ వ్యాసం నేను చదువుతాను. పేరు మీదే చెప్తాను."

పెదనాయన వాడి చెప్పుల వంక చూశారు. "చివరి పేజీ మెల్లగా చదువు" అన్నారు.

మే రెండో శనివారం తిమ్మయ్య ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో వచ్చాడు. సంచిలో పదో పన్నెండో మామిడికాయలు. పెద్దమ్మకిచ్చి, మా వరుసలో గోడ పక్కన కూర్చున్నాడు. రెండో షిఫ్టు మనిషి కాబట్టి, హాలు పక్కనే ఉన్న ఆ ఫ్యాక్టరీలో అన్నేళ్లు పనిచేసినా ఈ హాలు ఆయన ఎప్పుడూ చూడలేదు.

గోకుల్ బాగా చదివాడు. పొద్దున ఇరవైమూడు డిగ్రీలు, మధ్యాహ్నం ముప్పై ఎనిమిది, కడ్డీ ఎంత సాగింది, ఎన్ని గంటల్లో చల్లారింది, అంతా తెర మీద గీతలతో చూపించాడు. జనం రాసుకున్నారు. మధ్యలో ఎవరో ప్రశ్న అడిగితే జవాబు చెప్పడంలో నాలుగు నిమిషాలు పోయాయి. పెదనాయన వేదిక పక్కన తన చిన్న బల్ల దగ్గర, ఎదురుగా చేతిగడియారం, గంట పెట్టుకుని కూర్చున్నారు. నేను గోకుల్ చేతిలో మిగిలిన కాగితాలు లెక్కపెడుతూ ఉన్నాను. రెండు మిగిలినప్పుడు ఆయన ఒక గంట కొట్టారు. గోకుల్ వేగం పెంచి ఒక పేజీ ముగించాడు. చివరి కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు రెండు గంటలు మోగాయి.

కొట్టింది పెదనాయనే. పంతొమ్మిదేళ్లుగా అలవాటైన చెయ్యి కొట్టింది. గోకుల్ ఆగి ఆయన వైపు చూశాడు. పెదనాయన తన చేతి వైపు చూసుకుంటున్నారు. పెద్దవాళ్లు గంట కొట్టాక మాట్లాడకూడదని ఈ హాల్లో నేర్చుకున్న కుర్రవాడు, కాగితం మడిచి, "ఇంతటితో ముగిస్తున్నాను" అన్నాడు. చప్పట్లు.

"అయిపోయిందామ్మా?" అని తిమ్మయ్య నన్నడిగాడు. నేను గోకుల్ చేతిలో మడిచిన కాగితం వైపు చూశాను.

ఇక మిగిలింది వందన సమర్పణ. అది కార్యదర్శి పని. ఆయన వందన సమర్పణ సభ్యులందరికీ కంఠతా వచ్చు: వక్తకు, హాలు ఇచ్చినవారికి, టీ ఇచ్చినవారికి, వచ్చినవారికి. నాలుగు వాక్యాలు. సగం మంది లేచి కుర్చీలు జరుపుతున్నారు. పెదనాయన మైకు ముందుకు వచ్చి నాలుగూ చెప్పారు. కానీ మైకు దగ్గరి నుంచి కదలలేదు.

"ఇంకొకరికి చెప్పాల. తిమ్మయ్యకు. ఆ గోడ పక్కన కూర్చోనుండాడు. పన్నెండేళ్ల కింద ఏప్రిల్లో రెండో షిఫ్టులో ఆయన తీసిన ముక్కలకు నాలుగు రోజులు నేను ఎర్ర చీటీ రాసినాను. వేడి ముక్కలు కొలిచినాను. అవి మంచి ముక్కలు. అయిదో రోజు నాకు తెలిసింది. తెలిసీ ఊరకుండినాను. ఆయన చేతిలో తప్పు లేదు. ఇదే." మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకు వచ్చారు. "టీ కింద ఉండాది."

కుర్చీల చప్పుడు ఆగిపోయింది. కొందరు వెనక్కి తిరిగి గోడ వైపు చూశారు. ముందు వరుసలోని ఒక మేనేజరు ఫోను తీసి దానిలోకి చూసుకున్నాడు. వెంకటరామప్ప వేదిక మీదనుంచి వంగి, "ఇది ఉపన్యాసం కాదా ఏమప్పా?" అన్నాడు మెల్లగా.

"వందన సమర్పణ సార్. రూల్సులో దానికి అడ్డం లేదు."

వెంకటరామప్ప కుర్చీలో వెనక్కి వాలి, "లేదులే" అన్నాడు.

కింద తిమ్మయ్య టీ తాగకుండా కప్పు పట్టుకుని నిలబడ్డాడు. పెదనాయన మెట్లు దిగి ఆయన ముందుకు వచ్చారు.

"ఆ ముక్కలు యాడుండాయి సార్ ఇప్పుడు?" అన్నాడు తిమ్మయ్య.

"కరిగించేసినారు, ఆ నెలలోనే."

"నాకు తెలుసు సార్ అవి మంచివని. ఆ పొద్దే తెలుసు. మీకూ తెలుసనేది తెలీదు." టీ ఒక్క గుక్కలో తాగి కప్పు బల్ల మీద పెట్టాడు. "పన్నెండేండ్లు..." అని ఆపేసి, పెద్దమ్మ వైపు తిరిగి, "కాయలు గడ్డిలో పెట్టండమ్మా, నాలుగు రోజుల్లో మాగుతాయి" అని చెప్పి, ఏడింటి బస్సుకని బస్టాండు వైపు నడిచాడు. పెదనాయన నాలుగడుగులు వెంట పోయారు.

"సార్, హాలు తాళం!" అని పైనుంచి ఎవరో పిలిచారు. తాళంచెవి ఎప్పుడూ ఆయన దగ్గరే ఉంటుంది. పెదనాయన రోడ్డు మీద తెల్లచొక్కా కనిపించినంతసేపు నిలబడి, తర్వాత మెట్లెక్కి వెళ్లి, కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చడం మొదలుపెట్టారు. గోకుల్ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం.

"జూన్‌లో ఎవురు సార్?" అన్నాడు గోకుల్.

"పంపుల ఆయన. ధర్మపురి నుంచి వస్తాడు" అన్నారు పెదనాయన, గంటను తువాలులో చుట్టి సంచిలో పెడుతూ.