గాఢనిద్రలో మా ఆవిడ చెప్పిన మాట

దయ్యాల్నీ, గాలి సోకడాన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. ఐదో తరగతితో బడి మానేసినా, కంకిపాడు లైబ్రరీలో దొరికిన సైన్సు పుస్తకాలన్నీ చదివినవాణ్ణి. పూనకం వచ్చినవాళ్ళ ముందు నిలబడి వాదించి తిట్లు తిన్నవాణ్ణి. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

మా ఆవిడ శేషారత్నానికి కిందటేడు ఫిట్స్ మొదలయ్యాయి. పటమటలో ఒక డాక్టరు మాత్రలిచ్చాడు. ఫిట్స్ ఆగాయి. మాటా ఆగిపోయింది. నన్ను చూసినా గోడని చూసినట్టే చూసేది. మాత్రలు తగ్గించమని అడిగితే, ముందు మెదడు పరీక్ష చేద్దామన్నాడు.

పరీక్షకి ముందు రాత్రంతా నిద్రపోనివ్వకూడదట. తలకి నూనె ఉండకూడదట. బుద్ధెరిగాక నూనె రాయకుండా గడప దాటని మనిషికి షాంపూ రుద్ది పొద్దున్నే తీసుకెళ్ళాను. తలనిండా వైర్లు అంటించారు. ఎదురుగా కెమెరా పెట్టారు. మెదడు సంగతంతా కంప్యూటరే చదివి చెప్పేస్తుందట. టెక్నీషియన్ అమ్మాయి నన్ను పక్కన కూర్చోబెట్టి, లైటు తగ్గించి బయటికెళ్ళింది.

కాసేపటికి మా ఆవిడ పిలిచింది.

"ఏమండీ, నాకిది పెళ్ళికి ముందే ఉందండీ. సంబంధం తప్పిపోద్దని మావాళ్ళు దాచారు. అప్పుడూ మాత్రలేసి ఇలాగే చేశారు. మా అమ్మ ఆపేశాకే మళ్ళీ మనిషినయ్యాను. ఆపెయ్యండి. నేను లోపలే ఉండిపోతున్నాను."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"చెప్తే ఏలుకునేవారా?" అని నవ్వింది కూడా.

ఆనందం పట్టలేక డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన రిపోర్టు చూపించాడు. మొదటినుంచీ చివరిదాకా గాఢనిద్రేనట. వీడియో పెట్టించాడు. మా ఆవిడ పెదవి కదల్లేదు. నా గొంతొక్కటే వినపడింది.

"రాత్రంతా మీరూ మేలుకున్నారు కదా తాతగారూ, కల వచ్చుంటదండీ," అంది ఆ అమ్మాయి.

నేను కళ్ళు తెరుచుకుని కూర్చున్నట్టు అదే వీడియోలో ఉంది. పెట్టె చెప్పింది నమ్ముతారు, పక్కనున్న మొగుడు చెప్పింది నమ్మరా అని అరిచి వచ్చేశాను.

ఇంటికొచ్చి మా మరదలికి ఫోన్ చేసి అడిగాను.

"మీకెవరు చెప్పారు బావగారూ? ఈ సంగతి తెలిసినోళ్ళలో అక్కా నేనే కదండీ మిగిలింది!"

మాత్రలు ఆపాకే కోలుకుందన్నదీ నిజమేనంది.

మళ్ళీ డాక్టరు దగ్గరికెళ్ళి ఆ మాటే చెప్పాను.

"అది చిన్న వయసండీ. ఇప్పుడు ఆపితే ప్రాణం మీదకొస్తుంది. ఆవిడ అసలు మాట్లాడలేదు, మీరే చూశారుగా," అన్నాడు డాక్టరు.

అందుకని వేస్తూనే ఉన్నాను. ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు. నాకు తెలియని సంగతి నాకెలా తెలిసిందో నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు.

వేళకి మాత్ర పట్టుకెళితే పళ్ళు బిగపడుతుంది. ఇవాళ పొద్దున కూడా చెంచాతో విడదీసి వేశాను.