పసుపు అద్దం కింద మూడు గాజుముక్కలు

తొంభైల చివర్లో నేను నారాయణగూడలో పెట్టుడు పళ్ళు చేసేవాణ్ణి. బడి చదువు పదో తరగతితో సరి. మిగతాదంతా అశోక్‌నగర్ లైబ్రరీలో చదివిందే. టైటానియం ఆక్సైడ్ పూసిన గాజు మీద వెలుతురు పడితే, అంటిన జిడ్డును ఆ పూతే తినేస్తుందని అక్కడే తెలిసింది. దానికి మామూలుగా అతినీలలోహిత కిరణాలు కావాలి. పూతలో రవ్వంత ఇనుము కలిపితే కంటికి కనిపించే వెలుతురే చాలట. ఆ పూట అన్నం సయించలేదు. పింగాణీ పళ్ళు కాల్చే పొయ్యి నా దగ్గరే ఉంది కదా, ఆ పూతనూ అందులోనే కాల్చొచ్చు!

ఆ ఇనుము ఎంత కలపాలో అడగబోతే బషీర్‌బాగ్‌లో ఒక కెమిస్ట్రీ లెక్చరర్ నన్ను నిలబెట్టే మాట్లాడాడు.

"ఏ కాలేజీ అండీ మీది?"

"ఏ కాలేజీ లేదు సార్. పళ్ళు కడత."

"అయితే పళ్ళే కట్టుకోండి. ఇనుము వేస్తే తుప్పు రంగొస్తుంది, పని జరగదు."

మొదటిసారి అచ్చం ఆయనన్నట్టే అయింది. అందుకే ఇంకా మండింది. ఇనుము తగ్గించి మళ్ళీ కలిపాను. గాజును ద్రావణంలో ముంచి, ఊపిరి బిగబట్టి మెల్లగా పైకి లాగి, ఆరాక పొయ్యిలో కాల్చాను. ఈసారి లేత తేనెరంగు వచ్చింది.

చిక్కడపల్లిలో మా కిరాయి ఇంటి తలుపు పైన పాతకాలపు పసుపు అద్దం ఉండేది. అతినీలలోహితం దాన్ని దాటదు. పరీక్షకు అంతకన్నా ఏం కావాలి?

మా ఆవిడ తల దువ్వుకుంటూ అంది: "వెలుగుకు నూనె దానంతటదే ఆరిపోతది. గా పూత గొప్పేంది?"

నిజమే. అందుకే ఆ పసుపు వెలుగులో మూడు గాజుముక్కలు పెట్టాను: ఉత్తది, ఇనుము లేని పూతది, ఇనుము కలిపింది. మూడింటి మీదా ఆవిడే కొబ్బరినూనె అంటిన వేలు రాసింది. పసుపు వెలుగు నేల మీద జరిగినప్పుడల్లా వాటినీ జరిపాను. నాలుగు రోజులు దుకాణం తెరవలేదు.

అయిదో రోజు ఆవిడే నీటిచుక్కలు వేసింది. మొదటి రెంటి మీద నూనె అలాగే ఉండటంతో చుక్క గుండ్రంగా నిలబడింది. మూడోదాని మీద పల్చగా పరుచుకుపోయింది.

"నూనె యాడ వోయింది?" అంది, వేలు రుద్ది చూసి.

పళ్ళ సెట్ల డబ్బాలో గాజుముక్కలు పెట్టుకుని బషీర్‌బాగ్ నడిచాను. లెక్చరర్ కుళాయి నీళ్ళు తానే చల్లి, వంగి చాలాసేపు చూశాడు.

"ఇనుము ఎంత వేశారు?"

దారంతా నూరుకున్న తిట్లు మరిచిపోయి గంటసేపు చెప్పాను. అప్పుడు కూడా కుర్చీ ఇవ్వలేదు. అది మాత్రం మరిచిపోలేదు.