చాట పట్టిన చేతికి హీలియో

చింతపల్లి కొండ మీది పోస్టుకు మా సిపాయిల దళం చేరింది నవంబరు రెండో వారంలో, ఉదయం పది గంటలకు. పొగమంచు అప్పుడే విడుతోంది. తలా రెండు కంబళ్ళు, ఒక డేరా, మూడు కాళ్ళ మీద నిలబడే హీలియో. దాని అద్దం ఎండను పట్టి ఎదుటి కొండ మీది పోస్టుకు విసురుతుంది. మీట నొక్కితే అద్దం వాలుతుంది. చిన్న మెరుపు, పెద్ద మెరుపు, వాటితోనే అక్షరాలు. మాట అందితే అవతలివాళ్ళు ఒక్క పెద్ద మెరుపు మెరిపిస్తారు. నేను సిగ్నలర్ని. ఆ విద్య నాకొక్కడికే వచ్చన్న పొగరు కూడా ఉండేది.

కొండ కింది ఊరి నుంచి మాకు రోజూ ఆకుకూర తెచ్చే సుక్రికి పదమూడేళ్ళు. నాలుగో రోజు నేను అరగంట మీట నొక్కినా జవాబు లేదు. అవతలివాళ్ళను తిట్టిపోస్తున్నాను.

"బాబూ, పొద్దు జరిగిపోనాది. నీ అద్దం జరగనేదు. ఎలుగు లోయలో పడతంది" అంది సుక్రి, హీలియో నీడ చూపించి.

మా హవల్దారు పగలబడి నవ్వాడు. "ఒరే, నీకు గురువు దొరికిందిరా!"

అద్దం సర్దాను. జవాబు వచ్చింది. సిగ్గేసింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం పన్నెండుకు ఆమెకు పాఠం. పలక మీద అక్షరం, మీట మీద మెరుపు. చాటతో చోళ్ళు, అంటే రాగులు, చెరిగిన మణికట్టు, లయ తప్పేది కాదు. నెల తిరక్కుండా నన్ను మించిపోయింది. కడుపు మండలేదంటే అబద్ధం. కానీ సంతోషమే ఎక్కువ.

అప్పుడొచ్చాడు ఆమె తాత, ఊరి పెద్ద. వాళ్ళలో ఆడది నాగలి ముట్టుకుంటే ఊరంతటికీ తప్పు. హీలియో కర్రనూ ఇనుమునూ చూసి ఇదీ నాగలి జాతేనని ఊరు తేల్చింది.

"మగోడి పనిముట్టు ముట్టింది. రేపట్నించి రాదు" అన్నాడు.

సుక్రి ఏడవలేదు. పలక నా చేతిలో పెట్టేసింది.

"పెద్దాయనా, ఒకసారి చూసి తీర్పు చెప్పు. ఆ కొండను ఏటడగాలో నువ్వే చెప్పు" అన్నాడు హవల్దారు.

ముసలాయన ఆలోచించాడు. "ఆ కొండెనకాల మబ్బుందేటో అడగమను."

సుక్రి మీట నొక్కింది. జవాబు చదివింది. "ఉంది తాతా. నల్లగుంది. ఇటే వస్తంది. సోళ్ళు బేగి ఎత్తెయ్యాల."

మా నెత్తిన ఫెళ్ళున ఎండ. కింద కళ్ళంలో ఊరి చోళ్ళన్నీ ఆరబోసి ఉన్నాయి. ముసలాయన ఒక్క కేక పెట్టాడు. ఆఖరి బుట్ట ఇంట్లోకి చేరేసరికి వాన దిగింది.

మా డేరాలోనే తీర్పు చెప్పాడు. "నాగలి నేలని దున్నుద్ది. ఇది ఎలుగుని సెరుగుతంది. ఇది సాటే. సాట ఆడదాని సేతిదే."

పలక సుక్రికి తిరిగిచ్చాను. ఆ వారమే హవల్దారు చింతపల్లి బడి మేస్టరుకు చీటీ రాశాడు, ఈ పిల్లకు లెక్కలూ యంత్రాల సంగతులూ ఎంత అడిగితే అంత చెప్పమని. తాతే వెంటబెట్టుకెళ్ళి చేర్చాడు.

మార్చిలో దిగిపొమ్మని ఆర్డరొచ్చింది. ఉదయం ఎనిమిదికి కదిలాం. నేను గడ్డం గీసుకునే అద్దం సుక్రికిచ్చి, "ఏం జరిగినా చదువు మానకు" అన్నాను. తల వంచుకుంది. మాట లేదు. నా మనసు చిన్నబోయింది.

ఘాటు రోడ్డు మూడో మలుపులో, మా దళానికి బూర ఊదే బ్యూగిలరు నా భుజం తట్టాడు. "వెనక్కి చూడన్నా."

ఇప్పటికీ ఆడపిల్లకు యంత్రాలెందుకని ఎవరైనా అంటే నాకు అదే కనిపిస్తుంది. మేం వదిలొచ్చిన కొండ మీద, నా గడ్డం అద్దంలోంచి ఒక్క పెద్ద మెరుపు.